మా పెద్దమ్మ కొబ్బరి తోటను కాలేజీకి రాస్తానంటోంది. మనుషులు ఇలా ఎందుకు ఇస్తారు?

అంబాజీపేట అబ్బాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇది మా ఇంటి విషయమే. కానీ ఇంట్లో ఈ మాట ఎత్తితే చాలు గొడవవుతోంది, అందుకే బయటివాళ్ళని అడుగుతున్నాను.

మా పెద్దమ్మకి 74 ఏళ్ళు, మా అమ్మకి సొంత అక్క. పెదనాన్న పోయి పదకొండేళ్ళయింది. పిల్లలు లేరు. తాతయ్య పోయాక పంపకాల్లో ఆవిడ వాటాకి వచ్చిన 80 సెంట్ల కొబ్బరి తోట అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో ఉంది. నలభై అయిదు చెట్లు, మధ్యలో అరటి, గట్టు మీద రెండు పనసలు. ఆవిడ బతుకుతున్నది ఆ తోట మీదే. రెండు నెలలకోసారి దింపు తీయిస్తుంది, దగ్గరుండి కాయ లెక్క చూసుకుంటుంది, రేటు బాగోలేకపోతే రాశి పోయించి ఆగుతుంది. ఇన్నేళ్ళలో ఎవరినీ ఒక్క రూపాయి అడగలేదు.

మొన్న సంక్రాంతికి అందరం కలిశాం. కనుమ నాడు భోజనాలయ్యాక, "నా తర్వాత తోట కాలేజీకి రాసేద్దామనుకుంటున్నాను" అంది. అమలాపురంలో తను చదివిన కాలేజీకి. మా అమ్మ చేతిలో ఉన్న పళ్ళెం అక్కడే పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి అక్కచెల్లెళ్ళిద్దరికీ సరిగ్గా మాటల్లేవు. ఈ వయసులో వాళ్ళిద్దరూ ఇలా ఉండటం నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

నాకు తోట మీద ఆశ లేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం, కొబ్బరి తోట చూసుకునే తీరిక నాకెలాగూ లేదు. కానీ అమ్మ బాధ వేరు. ఆ చెట్లు తాతయ్య పాతినవి. మొక్కలప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ బోదెలోంచి బిందెలతో నీళ్ళు మోసి పోశారు. "నేను నీళ్ళు పోసిన చెట్టు పరాయివాళ్ళకా" అంటుంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

గుడికి రాస్తే నాకు అర్థమయ్యేది. అన్నదానానికి రాసినా అర్థమయ్యేది. డొక్కా సీతమ్మ గారు వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన లంకల గన్నవరం మాకు దగ్గరే, ఆవిడ కథలు వింటూ పెరిగాం. కాలేజీకి ఎందుకు? పైగా పెద్దమ్మ అక్కడ చదువు పూర్తి చెయ్యలేదు. పీయూసీ అయ్యి, బి.ఏ.లో చేరిన ఏడాదే పెళ్ళి చేసి పంపేశారు. డిగ్రీ కూడా చేతికి రాని చోటికి ఉన్న ఒక్క ఆస్తీ ఇవ్వడం ఏంటి?

అడిగితే "నీకు చెప్తే తెలియదులేరా" అని నవ్వేస్తుంది. ఇలా కాలేజీకి రాసినవాళ్ళు గానీ, రాసినవాళ్ళ పిల్లలు గానీ ఉంటే చెప్పండి. ఎందుకు రాశారు?

లంక టీచర్

బాబూ, నేను రాసినదాన్నే. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

మాది వశిష్ఠ గోదావరిలో లంక. నరసాపురంలో డిగ్రీ చదివాను. పొద్దున్నే పడవ ఎక్కి ఏరు దాటడం, సాయంత్రం ఆఖరి పడవ అందుకోవడం. వానాకాలం పుస్తకాలు యూరియా సంచి ముక్కలో చుట్టి నెత్తిన పెట్టుకునేదాన్ని. 1986 ఆగస్టులో పెద్ద వరద వచ్చినప్పుడు నేను ఫైనలియర్. ఆ వరద గురించి గోదావరి జిల్లాల్లో నా వయసు వాళ్ళని ఎవరిని అడిగినా చెప్తారు. మా ఇంట్లో నీళ్ళు అటక దాకా వచ్చాయి. తొమ్మిది రోజులు ఏటిగట్టు మీద ఉన్నాం. తిరిగి వెళ్ళేసరికి మట్టిగోడలు కరిగిపోయి గుంజలు మాత్రం నిలబడి ఉన్నాయి. అరటి తోట మొత్తం ఒండ్రు కింద పడిపోయింది. రెండు గేదెల్లో ఒకటే మిగిలింది.

నాన్న "ఈ ఏడాదికి ఆపేద్దాం అమ్మా" అన్నాడు. ఈ ఏడాదికి అంటే ఇంక ఎప్పటికీ అని ఇద్దరికీ తెలుసు. పేరు తీయించుకోవడానికి కాలేజీకి వెళ్ళాను. ఆఫీసులో గుమాస్తా గారు రిజిస్టరు తిరగేసి, "నీ ఫీజు కట్టేసి ఉంది కదమ్మా" అన్నారు. ఎవరు కట్టారండీ అంటే ఒక ప్లీడరు గారి పేరు చెప్పారు. ఆయన కొంత పొలం వీలునామాలో కాలేజీకి రాసి పోయారట. వరదల్లో, తుఫానుల్లో నష్టపోయిన రైతుల పిల్లలకి ఆ రాబడిలోంచి ఫీజు కట్టాలని అందులో ఉందట. ఆయన పోయింది నేను పుట్టకముందు.

ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నానో. ఆయన అది రాసేనాటికి నేను లేను, ఆ వరదా లేదు. గోదావరి పక్కన బతికిన మనిషి కాబట్టి ఏదో ఒక ఏడాది నీళ్ళు ఊళ్ళోకి వస్తాయని, ఆ ఏడాది ఎవరో ఒక పిల్ల పేరు తీయించుకోవడానికి ఆఫీసు గుమ్మం ఎక్కుతుందని ఆయనకి తెలుసు.

ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో స్వీట్లు కొనుక్కుని ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఇల్లు అద్దెకిచ్చేశారు. పిల్లలు, మనవలు వేరే ఊళ్ళల్లో స్థిరపడ్డారట. అద్దెకున్నవాళ్ళు ఆ పేరే వినలేదన్నారు. ఆ పొట్లం పట్టుకుని మళ్ళీ రేవుకి వచ్చి, పంటు కోసం నిలబడిన పిల్లలకి పంచేశాను. బాకీ ఉంది, పుచ్చుకునే మనిషి లేడు. అలాంటి బాకీ వేరే ఎవరికో తీర్చాల్సిందే. ముప్ఫై ఏళ్ళ పైన అది నా మనసులో అలాగే ఉండిపోయింది.

అందరూ అడిగేది ఇంకొకటి ఉంది. ఇవ్వాలని ఉంటే బతికుండగానే ఇవ్వొచ్చు కదా, పోయాక ఎందుకు అని. నేను టీచరుగా రిటైరయ్యాను. పింఛను మందులకి, పాలకి, కరెంటుకి, పండక్కి వచ్చే మనవలకి సరిపోతుంది. ఏడాదికి ఐదువేలో పదివేలో ఇవ్వగలను, ఇస్తున్నాను. అంతకంటే పెద్దది ఇవ్వాలంటే నాకున్నది ఇల్లొక్కటే. ఇవాళ అది ఇచ్చేస్తే నేనెక్కడ ఉండాలి? డబ్బున్నవాళ్ళు బతికుండగానే బిల్డింగులు కట్టిస్తారు, వాళ్ళకి చేతులెత్తి దండం పెడతాను. నాలాంటిదానికి ఇల్లు అవసరం లేని రోజు ఒక్కటే వస్తుంది. ఆ రోజుకి ముందే రాసి పెట్టుకున్నాను. మీ పెద్దమ్మ గారిదీ అదే కదా. తోట ఇవాళ ఇచ్చేస్తే ఆవిడ ఏం తింటారు? చేతిలో డబ్బు ఆడని మనిషి కూడా తన జీవితం మొత్తం మీద ఒక్క పెద్ద పని చెయ్యగలిగేది ఈ దారిలోనే.

నాకు ఇద్దరు పిల్లలు. ఇంటి విలువలో మూడో వంతు కాలేజీకి, మిగతాది వాళ్ళిద్దరికీ అని రాశాను. రాయకముందే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. నేను పోయాక ఆ కాగితం చూసి తెలుసుకోవడం కంటే నా నోటితో వినడం మంచిదనిపించింది. అమ్మాయి వెంటనే సరేనంది. అబ్బాయి నెల రోజులు ఫోన్లో పొడిపొడిగా మాట్లాడాడు. తర్వాత ఒక రాత్రి వాడే ఫోన్ చేసి, "ఆ ప్లీడరు గారు రాయకపోయి ఉంటే నువ్వు టీచరు అయ్యేదానివా అమ్మా" అని అడిగాడు. అయ్యేదాన్ని కాదు అన్నాను. కాసేపాగి, "సరే, కాగితాలు పంపు, చూస్తాను" అన్నాడు.

పేరు కోసం ఇస్తారని కొందరంటారు. పేరు పెట్టుకుంటే తప్పేముంది? నేను మా అమ్మ పేరు పెట్టమన్నాను. అమ్మకి సంతకం రాదు. నా పరీక్ష ఫీజు కోసం చెవి దుద్దులు తాకట్టు పెట్టి, ఆ కాగితం మీద వేలిముద్ర వేసింది. అలాంటి మనిషి పేరు ఏటా కాలేజీ నోటీసు బోర్డు మీద అచ్చులో పడాలని నాకు గట్టిగా ఉంది.

చదువు పూర్తి కాలేదు కదా అని రాశావు. అసలు కారణం అక్కడే ఉండొచ్చు. మళ్ళీ అడుగు. నలుగురి ముందు వద్దు. దింపు రోజు ఒక్కడివే తోటకి వెళ్ళి అడుగు.

జగన్నాథపురం, కాకినాడ

టీచరు గారి మాటలు చదివి కళ్ళు చెమర్చాయి.

మా వైపు ఇలాంటి వీలునామా ఒకటి ఊరందరికీ తెలుసు. మల్లాడి సత్యలింగ నాయకర్ గారిది కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది, 1839 ఉప్పెనలో దెబ్బతిని మళ్ళీ మునుపటిలా లేవలేదు. మన తీరం నుంచి రంగూన్‌కి ఎంతమంది వెళ్ళేవారంటే, బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలు అనే పేరు పడిపోయింది. నాయకర్ గారూ అలా వెళ్ళి, అక్కడి రేవు పనుల్లో బాగా సంపాదించి, ఆ ఆస్తిని చదువుకీ ధర్మకార్యాలకీ వీలునామాలో రాశారు. ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ అంటే అదే. ఆయన పేరుతో కాకినాడలో కాలేజీ ఉంది, నన్నయ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది. ఆయన పోయి వందేళ్ళు దాటింది. నేను చదివింది ఆ కాలేజీలోనే. మా నాన్న రేవులో మూటలు మోసేవాడు. సంపాదన సముద్రం అవతల, చదువులు ఇక్కడి పిల్లలకి.

ఇంకో సంగతి. పిఠాపురం మహారాజా గారు కాకినాడలో తన పేరున ఉన్న పి.ఆర్. (పిఠాపురం రాజా) కాలేజీకి అంతగా అండగా నిలబడింది ప్రిన్సిపాల్ రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి మీద ఉన్న గురుభావంతో అని పెద్దలు చెప్తారు. కాలేజీ అంటాం గానీ, ఇచ్చేవాళ్ళ మనసులో ఉండేది ఒక మనిషి. మీ పెద్దమ్మ గారి మనసులో ఎవరున్నారో అడగండి.

రాజోలు దస్తావేజులు

ముప్ఫై నాలుగేళ్ళుగా దస్తావేజులు రాస్తున్నాను. ఎందుకు అన్నది టీచరు గారు చెప్పారు. ఎలా అన్నది నేను చెప్తాను, ఎందుకంటే మంచి మనసుతో రాసినవి సరిగ్గా రాయక కోర్టులో పడి ఉండటం నేను చాలా చూశాను.

ముందు పన్ను సంగతి. పన్ను తప్పించుకోవడానికి ఇస్తారని చాలామంది అనుకుంటారు. మన దేశంలో చనిపోయినవాళ్ళ ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీ 1985లోనే తీసేశారు. 80జి అని మనం అలవాటుగా అనే మినహాయింపు బతికుండగా డబ్బు రూపంలో ఇచ్చినదానికే, అదీ పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకే. పోయాక వెళ్ళే తోటకి మీ పెద్దమ్మ గారికి పన్నులో ఒక్క రూపాయి కలిసిరాదు. కాబట్టి ఆవిడ ఉద్దేశంలో లెక్కలేమీ లేవు.

రెండోది, మీ అమ్మగారి సంగతి. తోట మీ తాతగారి నుంచి వారసత్వంగా వచ్చింది, ఆవిడకి పిల్లలు లేరు. వీలునామా లేకుండా ఆవిడ పోతే, హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం అది పుట్టింటి వైపుకే, అంటే తాతగారి వారసులకే వస్తుంది. మీ అమ్మగారు అలా అనుకుని ఉండటంలో తప్పు లేదు. కానీ అదే చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఆ తోటకి మీ పెద్దమ్మ గారు పూర్తి హక్కుదారు. ఎవరికి రాయాలన్నది ఆవిడ ఇష్టం. రెండూ నిజమే. ఇంట్లో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు రెండూ గుర్తుపెట్టుకోండి.

ఇక రాయడం. వీలునామా అయితే తోట ఆవిడ పేరునే ఉంటుంది, రాబడి ఆవిడే తింటారు, మనసు మారితే మార్చుకోవచ్చు, చివరిగా రాసిందే చెల్లుతుంది. స్టాంపు డ్యూటీ ఉండదు. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి. సాక్షులు ఆవిడ కంటే చిన్న వయసు వాళ్ళయితే మంచిది, ఆవిడ తర్వాత సాక్ష్యం చెప్పాల్సింది వాళ్ళే. మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఇష్టం కొద్దీ తమ ఈడు స్నేహితుల్నే సాక్షులుగా తెస్తారు. పదేళ్ళు తిరిగేసరికి ముగ్గురూ ఉండరు.

దానపట్టా అయితే అలా కాదు. రిజిస్టరు చేసి తీరాలి, పుచ్చుకునేవాళ్ళు ఒప్పుకోవాలి, ఇచ్చాక మామూలుగా వెనక్కి తీసుకోవడం కుదరదు. బతికున్నంతకాలం రాబడి తనదే అని షరతు పెట్టుకుని ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. 74 ఏళ్ళ ఒంటరి ఆడమనిషికి, తోట తప్ప ఇంకో ఆధారం లేనావిడకి, నేనైతే వీలునామానే చెప్తాను.

కాలేజీకి అని ఊరికే రాయొద్దు. కాలేజీని నడిపే సొసైటీయో ట్రస్టో ఉంటుంది, అది రిజిస్టరైన పేరు కనుక్కుని అదే రాయండి. ప్రభుత్వ కాలేజీ అయితే ఆ సంగతి వేరేగా అడిగి తెలుసుకోవాలి. ఒకవేళ కాలేజీ మూతపడినా, వేరేదాంట్లో కలిసిపోయినా ఆ ఆస్తి ఎవరికి, దేనికి అన్నది కూడా రాయించండి. 2021లో ఎయిడెడ్ కాలేజీలను, అంటే ప్రభుత్వ సాయంతో నడిచే ప్రైవేటు కాలేజీలను, ప్రభుత్వంలో కలుపుతారన్న మాట వచ్చినప్పుడు, తాతలు స్థలాలిచ్చిన కుటుంబాల వాళ్ళు పాత కాగితాలు పట్టుకుని మా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. చాలా కాగితాల్లో ఆ ఒక్క వాక్యం లేదు.

మన డెల్టాలో క్రైస్తవ కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఒక మాట. ఒకప్పుడు వాళ్ళకి దగ్గరి బంధువులుంటే, ధర్మానికి రాసే వీలునామా చనిపోవడానికి కనీసం ఏడాది ముందే రాసి ఉండాలనే నియమం ఉండేది. 2003లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పటికీ ఆ భయంతో వెనకాడేవాళ్ళు కనిపిస్తున్నారు. ఆ భయం అక్కర్లేదు.

పాత లెడ్జరు

నేను ఒక కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరయ్యాను. ఏ కాలేజీ అన్నది చెప్పను. ఇది నా మనసులో ముల్లులా ఉండిపోయిన విషయం.

1988లో ఒకాయన, చనిపోయిన కూతురి పేరు మీద 10,000 రూపాయలు కాలేజీలో డిపాజిట్ చేశాడు. కెమిస్ట్రీలో ఫస్టు వచ్చిన అమ్మాయికి ఏటా ఆ వడ్డీ బహుమతి. అప్పుడు బ్యాంకు వడ్డీ పది శాతం దాకా ఉండేది, ఏడాదికి వెయ్యి వచ్చేది. ఆ వెయ్యితో ఒక అమ్మాయి ఫీజు, పుస్తకాలు, ఇంకా ఒక మంచి చీర కూడా వచ్చేవి. అసలు అలాగే ఉంది, వడ్డీ తగ్గుతూ వచ్చింది. నేను రిటైరయ్యేనాటికి ఏడాదికి ఆరు వందల చిల్లర. దాంతో ఒక పాఠ్యపుస్తకం కూడా రాదు. ఇవ్వడానికి సిగ్గుపడి వార్షికోత్సవంలో చదవడం మానేశారు. ఒక ఏడాది ఆ పెద్దాయన ఇంకో కూతురు వచ్చి, "మా అక్క పేరు ఈసారి ఎవరికి వెళ్ళిందండీ" అని అడిగింది. ఎవరికీ వెళ్ళలేదని నేనే చెప్పాల్సి వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు. లెడ్జరులో ఆ పేజీ చూపించమని అడిగి, అక్క పేరు మీద ఒకసారి వేలు పెట్టి, వెళ్ళిపోయింది.

అందుకని చెప్తున్నాను బాబూ. తోట అమ్మి డబ్బు డిపాజిట్ చేసేట్టయితే, వచ్చిన వడ్డీలో నాలుగో వంతో ఎంతో ఏటా మళ్ళీ అసలులో కలపాలని రాయించండి. తోటను తోటగానే ఉంచేట్టయితే మక్తా (కౌలు) డబ్బుల్లో కాకుండా కాయల లెక్కనో, ఆ ఏటి కాయ ధర మీదనో పెట్టమనండి. మా ఊళ్ళో చేలకి బస్తాల మక్తా ఎందుకుంటుంది? ధర పెరిగితే మక్తా విలువా పెరుగుతుందని. కానీ తోట చూసే మనిషి లేకపోతే చెట్లు ఎండుతాయి, గట్లు జరుగుతాయి. కాలేజీ ఆఫీసులో ఆ పని నెత్తినేసుకునేవాళ్ళు ఉన్నారో లేదో ముందే కనుక్కోవాలి.

ఫలానా సబ్జెక్టుకే, ఫలానా గ్రూపుకే అని బిగించి రాయొద్దు. గ్రూపులు ఎత్తేస్తారు. నా హయాంలోనే రెండు గ్రూపులు మూసేస్తే, వాటి పేరున ఉన్న డబ్బు ఎవరికీ ఇవ్వలేక అలాగే ఉండిపోయింది. ఏ పిల్లకి ఆ డబ్బు అందాలని ఆవిడ అనుకుంటున్నారో అది రాయించండి.

మలికిపురం నుంచి డాలస్

నేను అమెరికాలో ఉంటాను. ఇక్కడ చాలా కాలేజీల్లో ఈ పనికే ప్రత్యేకంగా ఒక ఆఫీసు ఉంటుంది. ఎక్కువమంది చేసేది మీ పెద్దమ్మ గారు చేస్తున్నదే, వీలునామాలో కాలేజీ పేరు రాయడం. ఇంకో పద్ధతి కూడా ఉంది. కొంత సొమ్ము కాలేజీకి ఇచ్చేస్తారు, బతికున్నంతకాలం కాలేజీ వాళ్ళకి ఏటా ఇంత అని కడుతుంది, వాళ్ళు పోయాక మిగిలింది కాలేజీది. రిటైర్మెంట్ ఖాతాకి కాలేజీని నామినీగా పెట్టేవాళ్ళూ ఉన్నారు.

హార్వర్డ్‌కి ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసా? 1638లో జాన్ హార్వర్డ్ అనే యువ మతబోధకుడు చనిపోతూ తన ఆస్తిలో సగం, దాదాపు 400 పుస్తకాలు అప్పుడే పెట్టిన కాలేజీకి ఇచ్చాడు. 1764లో అగ్నిప్రమాదం జరిగి ఆ పుస్తకాల్లో ఒక్కటి తప్ప అన్నీ కాలిపోయాయి. ఆయన ఆ కాలేజీలో చదవలేదు కూడా. చదువు పూర్తి చెయ్యని చోటికి ఎందుకు అని అడిగారు కదా, అందుకని చెప్పాను.

బయట ఉన్నవాళ్ళ కోసం ఒక జాగ్రత్త. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి ఇస్తే అది విదేశీ విరాళం కింద రాదు. నాలా పౌరసత్వం మారినవాళ్ళు ఇస్తే వస్తుంది. అప్పుడు ఆ సంస్థకి ఎఫ్.సి.ఆర్.ఎ. (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. మా ఊరి కాలేజీకి పంపబోయి ఇది తెలియక ఏడాది ఆగాల్సి వచ్చింది.

అంబాజీపేట అబ్బాయి

అందరికీ పేరుపేరునా దండాలు. టీచరు గారూ, మీరు చెప్పినట్టే చేశాను. దింపు రోజు చూసుకుని ఒక్కడినే వెళ్ళాను.

దింపు కార్మికుడు చెట్టు మీద ఉన్నాడు, పెద్దమ్మ కింద కుర్చీ వేసుకుని గెలలు లెక్కపెడుతోంది. పక్కన కూర్చుని, నీ మనసులో ఎవరున్నారు పెద్దమ్మా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది.

"హాజరు పట్టీలో నా నంబరు 31 రా. పెళ్ళయి నేను వెళ్ళిపోయాక కూడా ఆ ఏడాది ఆఖరి దాకా మా తెలుగు మాస్టారు నా పేరు పిలిచేవారట. ఎవరూ పలక్కపోతే ఒక్క క్షణం ఆగి, 32 పిలిచేవారట. కొట్టెయ్యొచ్చు కదండీ మాస్టారూ అని ఎవరో అంటే, 'వస్తుందేమో' అన్నారట. మా నేస్తం కార్డు రాసింది. నేను వెళ్ళలేదు. అత్తారింట్లో నన్ను కోడలా అన్నారు, వదినా అన్నారు, అత్తా అన్నారు. పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అక్కడ ఒక ఏడాదంతా పిలిచారు."

ఆ మాస్టారు ఇప్పుడు లేరు. పెద్దమ్మ కోరుకునేది ఒక్కటే. పెళ్ళయో, బిడ్డ పుట్టో చదువు మధ్యలో ఆపేసిన అమ్మాయి మళ్ళీ వస్తానంటే, ఆమె ఫీజు, పరీక్ష ఫీజు, బస్సు ఖర్చు తోట రాబడిలోంచి కట్టాలి. ఏ గ్రూపయినా సరే, ఎన్నేళ్ళ తర్వాత వచ్చినా సరే. లెడ్జరు సూపరింటెండెంటు గారూ, మీ మాట చదివి వినిపించాను. మక్తా కాయ ధర మీదే పెట్టించమంది. డబ్బుల లెక్క వద్దంది.

అమ్మకి ఇదంతా చెప్పాను. పూర్తిగా ఒప్పుకుందని చెప్పలేను. ఇంకా బాధగానే ఉంది. కానీ చాలాసేపటికి, "పెళ్ళికి ముందు రోజు అక్క పుస్తకాలన్నీ పెట్టెలో సర్ది అటక మీద పెట్టింది నేనే" అంది. ఆ రాత్రి అక్కకి తనే ఫోన్ చేసింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

వీలునామా అమలు చేసే బాధ్యత నన్ను తీసుకోమంది పెద్దమ్మ, ఒప్పుకున్నాను. కాలేజీకి వెళ్ళి ఎవరి పేరున రాయాలో కనుక్కున్నాను. ఇప్పుడు హద్దులు రాసుకుంటున్నాం. తూర్పున పంట బోదె, ఉత్తరాన పుంత, పడమర మా బాబాయి వాళ్ళ తోట. దక్షిణం వైపు హద్దు రాయి కనపడటం లేదు. 1996 తుఫానులో పడిపోయిన చెట్ల మొదళ్ళు తీసేటప్పుడు కదిలిపోయి ఉంటుందని పెద్దమ్మ అంటోంది. అది ఎక్కడుండేదో అమ్మకి గుర్తుందట. వచ్చే ఆదివారం తనూ వస్తానంది.